వాణ్ణి అడిగారా?



ఈసారి రైల్వే కథ కాదు. పోయిన ఉగాది విందులో విన్న ఒక మాట గురించి రాస్తున్నాను. అన్నవారు మంచి మనసుతోనే అన్నారు, అందుకని పేరు చెప్పను. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

మా చెల్లెలి కొడుకును మీలో చాలామంది చూసే ఉంటారు. ఇరవయ్యారేళ్ళు. ఆటిజం ఉంది. కోవిల్‌పట్టిలో మా బంధువుల కడలై మిట్టాయి అంగడిలో తూకం వేసి ప్యాకెట్లు కడతాడు. ఆ రోజు పంక్తిలో కూర్చున్నాం. మైకులో పాటలు మోగుతున్నాయి. వాడు రెండు చెవులూ మూసుకొని ఆకు ముందు కూర్చున్నాడు. అది చూసి ఒక పెద్దాయన మా చెల్లెలితో, "ఒక్క మాత్రతో ఇదంతా పోతుందంటే రేపే వేయించవా తల్లీ?" అన్నారు. చెల్లెలు జవాబు చెప్పకుండా కళ్ళు తుడుచుకుంది. వాడు పక్కనే ఉన్నాడు. వాణ్ణి ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

రాత్రి ఇంటికొచ్చాక అడిగాను, అట్లాంటి మాత్ర ఉంటే వేసుకుంటావా అని. జవాబు లేదు. ప్రశ్న లోపలికి పోయి జవాబు బయటికి రావడానికి వాడికి టైం పడుతుంది. మూడో రోజు పొద్దున నేను పేపరు చదువుతుంటే వచ్చి నిలబడ్డాడు.

"మామా, వేసుకున్నాక అంగడికి ఎవరు పోతారు?"

"నువ్వే కదా."

"నేను కాదు. వాడికి తూకం తెలీదు."

కాసేపాగి, "సద్దుకు మాత్ర ఉంటే వేసుకుంటాను" అని లోపలికి పోయాడు.

ఇట్లా అన్నది మావాడొక్కడే కాదు. 1993లో కెనడాలోని టొరంటోలో జరిగిన మహాసభలో జిమ్ సింక్లెయిర్ తల్లిదండ్రుల ముందు ఇంచుమించు ఇదే చెప్పారు. సింక్లెయిర్ కూడా ఆటిజం ఉన్న మనిషే. మా బిడ్డకు ఆటిజం లేకుంటే బాగుండు అని మీరు కోరుకుంటే, ఈ బిడ్డ కాక వేరే బిడ్డ ఉంటే బాగుండు అని కోరుకున్నట్టే అన్నది సింక్లెయిర్ వాదన. పశువుల శాస్త్రంలో ప్రొఫెసరైన అమెరికా ఆవిడ టెంపుల్ గ్రాండిన్ కూడా చిటికెలో పోతుందన్నా తనకు వద్దనే అన్నారు.

కానీ అందరి మాటా అది కాదు. మాకు పోతేనే మేలు అనేవాళ్ళు ఆటిజం ఉన్నవాళ్ళలోనే ఉన్నారు. మాట రానివాళ్ళ మనసులో ఏముందో చెప్పడం ఇంకా కష్టం. మావాడికి పదేళ్ళప్పుడు ఫిట్స్ వచ్చేవి. నిద్ర ఉండేది కాదు, తల గోడకేసి కొట్టుకొనేవాడు. ఇది రాసే ముందు చెల్లెలికి చదివి వినిపిస్తే, "అన్నా, ఆ రోజుల్లో ఎవరైనా మాత్ర ఇచ్చి ఉంటే వాణ్ణి అడక్కుండానే వేసేదాన్ని. నువ్వు బాగానే రాస్తావు. నేను పోయాక వాణ్ణి ఎవరు చూస్తారు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

వాడికి నాలుగేళ్ళప్పుడు ఒక ఆస్పత్రిలో, ఇంట్లో ఒక్క భాషే మాట్లాడండి, తమిళం చాలు అన్నారు. చెల్లెలు భయపడి తెలుగు ఆపేసింది. మా అమ్మ మాత్రం వినలేదు. వాడు ఈ రోజు మాట్లాడే తెలుగంతా అవ్వ యాసే. రెండు భాషల వల్ల ఇట్లాంటి పిల్లలకు చెడుపు లేదని తరువాత పరిశోధనలు చేసినవాళ్ళు చెప్పారు. బడిలో నన్ను "గొల్టి" అని ఏడిపించేవారు. తెలుగువాడిగా ఉండడం మానేస్తావా అని అప్పుడు అడిగి ఉంటే ఇప్పుడే మానేస్తాను అనేవాణ్ణి. నిజానికి నాకు పోవలసింది ఎగతాళి, తెలుగు కాదు. పోలిక ఇంతవరకే. తెలుగు వల్ల ఎవరికీ ఫిట్స్ రావు.

అందుకే అన్నీ ఒకే మూటగా కట్టవద్దంటాను. ఫిట్స్‌కు మందుంది, వేశాం, తగ్గాయి. సద్దు తగ్గించవచ్చు. ఇవన్నీ తీశాక మిగిలేవాడు మావాడే. వాణ్ణి తీసేయాలా అని అడగాల్సింది వాణ్ణే.

ఇంకొక మాట ఒప్పుకోవాలి. బుకింగ్ కౌంటర్లో రాయితీ ఫారాలు ఎన్నో చూశాను. తోడు లేకుండా ప్రయాణం చేయలేనివాళ్ళకు 75 శాతం రాయితీ. ఆ ఫారం మీద ఇంగ్లీషులో మందబుద్ధి అనే అర్థం వచ్చే మాట ఉండేది. ఆటిజం అనే పేరు 1995 వికలాంగుల చట్టంలో లేదు, 2016 చట్టంలో వచ్చింది. ఫారం రాత నా చేతిలో లేదు, సరే. కానీ ఎక్కడికి పోవాలి, ఏ రోజు అని తోడు వచ్చినవాళ్ళనే అడిగేవాణ్ణి. ఎదురుగా నిలబడ్డ మనిషిని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ పెద్దాయనను తప్పు పట్టే అర్హత నాకు లేదు.

సంఘానికి ఒక మనవి. వచ్చే విందులో భోజనాల వేళ మైకు ఆపండి. మావాడితో మాట్లాడాలనుకుంటే వాడితోనే మాట్లాడండి. మీ మొహం చూడడు, కానీ వింటాడు. జవాబు ఆలస్యమైతే నాకు ఫోన్ చేయండి, వచ్చినప్పుడు చెబుతాను.

ఇట్లు,
మీ రిటైర్డ్ బుకింగ్ క్లర్కు