బీల అంటే బంజరు కాదు

బరంపురంలో పుట్టి పెరిగిన మా పిల్లలకి బీల అనే మాట తెలీదు. మా అమ్మమ్మ పుట్టినూరు సోంపేట దగ్గర. వాననీళ్ళు నిలిచి పొలాలకి తడి, పశువులకి మేత, జాలర్లకి చేపలు ఇచ్చే పల్లపు నేలని అక్కడ బీల అంటారు. కాగితాల మీద మాత్రం అది బంజరు. 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రానికి కేటాయించేశారు. వేడినీళ్ళు సముద్రంలో వదిలితే మా వేట ఏం గానని తీరం పల్లెలు కూడా రైతులతో కలిశాయి. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే పర్యావరణ అనుమతి రద్దయింది. బీల మిగిలింది.

ఊరు వదిలి మూడు తరాలైనా ఈ మాట మన ఇళ్ళలో వినబడాలండీ. పేరు మరిచిపోయిన నేలని బంజరు అనెయ్యడం తేలిక.