టైరు మీఁది యంకె

గత వేసవి మేము టెక్సాసులోని మా చెల్లెలి యింట నుంటిమి. మఱఁదిగారు పెద్ద పికప్పు బండికి ట్రైలరు తగిలించి గుఱ్ఱములను గొనిపోవుదురు. చెల్లెలును బిడ్డలును ఆ బండిలోనే యెక్కుదురు. టైర్లరిగిపోఁగా అంగడివాఁడు చవుకవి చూపెను. "కొలత యొక్కటే గదా, వదినగారూ" అని మఱఁదిగారు సిద్ధపడిరి.

సోదరీమణులారా! వంకాయనైనఁ ద్రిప్పి చూడక కొనని మనము టైరును మాత్రమేల చూడరాదు? మేము వంగి చదివితిమి. పాతదానిపై ఎల్.టి. యను నక్షరములును 121 అను నంకెయు నుండెను. తలుపుచెంతఁ దయారుచేసినవారు అంటించిన చీటియందును ఎల్.టి. యనియే యున్నది. క్రొత్తదానిపై ఆ యక్షరములు లేవు, అంకె 112. 121 అనఁగా ఒక్కొక్క టైరు 1,450 కిలోలు మోయును. 112 అనఁగా 1,120 మాత్రమే. అదియును జెప్పినంత గాలి నింపిననే. లెక్కల మాష్టరగు మావారు నాలుగింటికిఁ గలిపి 1,320 కిలోలు తక్కువయని తేల్చిరి. ట్రైలరు బరువులో నూటికి 10 మొదలు 15 వంతులు కొక్కెముపై వ్రాలును; ఆ భారము ముఖ్యముగా వెనుక టైర్లదే.

ధర హెచ్చయినను 121 గలవే బిగింపించితిమి. ఆ శనివారము బండి సాగఁగా చెల్లెలును బిడ్డలును వెనుక నిదురించిరి. మేము మాత్రము చక్రముల సవ్వడి వినుచునే యుంటిమి.