కాగబెట్టి చల్లార్చిన నీళ్లు

ఈ పేజీల ఎప్పుడూ సోయా, పత్తి, పసుపు గురించే రాస్తుంటా. ఇయ్యాల పంట ముచ్చట కాదు, మా మనుమరాలి ముచ్చట. రాయాల్నా వద్దా అని చాలా రోజులు ఆలోచించిన. మా బిడ్డను అడిగితే "రాయి బాపు, ఎవరికన్నా పనికొస్తది" అన్నది. అందుకే రాస్తున్న. కొంచెం పొడుగైతది, ఓపికతోని చదవున్రి.

మాది బాసర దగ్గర చిన్న ఊరు. అల్లుడు గల్ఫ్‌ల ఉంటడు. బిడ్డ, మనుమరాలు మా ఇంట్లనే ఉంటరు. పిల్లకు ఇప్పుడు పదకొండేండ్లు. ఇంట్ల చిన్ని అని పిలుస్తం.

పుట్టినప్పటి నుంచి దగ్గే. ఎంత తిన్నా ఒంటికి పట్టకపోయేది. దొడ్డికి పోతే జిడ్డుజిడ్డుగ ఉండేది. ఒకదగ్గర నిమోనియా అన్నరు, ఇంకోదగ్గర టీబీ కావచ్చని నెలల తరబడి మందులు మింగించిన్రు. ఏం తగ్గలే.

మా ఇంటామె మాత్రం ఒక మాట అంటుండేది. "ఈ పిల్లకు ముద్దు పెడితే పెదవులకు ఉప్పు తగుల్తది" అని. ఎండాకాలం పిల్ల అంగీ మీద తెల్లటి చారలు కనపడేటివి. నేను నవ్వి ఊకున్న. ఎండల పనిచేస్తే నా అంగీ మీద కూడా ఉంటయి కదా అనుకున్న. నాలుగో యేట మే నెలల వాంతులు చేసుకొని సోయి తప్పింది. హైదరాబాద్ ఉరికినం. అక్కడి డాక్టరమ్మ మా ఇంటామె చెప్పిన ఉప్పు మాట విన్నది, వెంటనే చెమట పరీక్ష రాసింది. చెమటల క్లోరైడ్ 60 గానీ, అంతకు మించి గానీ ఉంటే ఈ జబ్బు అని అనుమానించాలట. మా పిల్లకు చాలా దాటింది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అన్నరు. ఆ పేరు నోరు తిరగనీకే నాకు వారం పట్టింది.

తర్వాత తెలుసుకున్న, ఈ చెమట సంగతి అమెరికాల కూడా ఎండ వల్లనే బయటపడ్డదట. 1948ల న్యూయార్క్‌ల వడగాడ్పులు వచ్చినప్పుడు, సోయి తప్పి ఆసుపత్రికి వచ్చిన పిల్లల్ల ఈ జబ్బున్నోళ్లు కనపడ్డరు. డి సాంట్ ఆగ్నీస్ అనే డాక్టరు దాని వెంటపడి, వీళ్ల చెమటల ఉప్పు ఎక్కువ పోతదని 1953ల తేల్చిండు. మా ఇంటామె బడికి పోలే. ఆమె చెప్పింది నేను ఇంటే, పిల్లకు మూడేండ్లు కలిసొచ్చేటివి.

జబ్బు ఏందో మన భాషల చెప్త. ఒంట్ల కణాల గోడకు ఉప్పు అటూ ఇటూ పోయేటందుకు చిన్న తూములు ఉంటయి. ఆ తూము తయారుచేసే జన్యువును 1989ల కనుక్కున్నరు. అది చెడితే ఉప్పు కదలది. ఉప్పు కదలకపోతే దాని వెంట నీళ్లు కదలవు. తడి తక్కువై చీమిడి, కఫం బంక లెక్క అయితయి. చివరి మడికి నీళ్లు పారకపోతే కాలువల ఒండ్రు పేరుకుంటది చూడున్రి, గట్లనే ఊపిరితిత్తులల్ల, ముక్కు పక్కన ఎముకల్ల ఉండే సైనస్ గూళ్లల్ల పేరుకుంటది. అందుల సూక్ష్మజీవులు కాపురం పెడతయి.

చెడ్డ జన్యువు తల్లి దగ్గరనుంచి ఒకటి, తండ్రి దగ్గరనుంచి ఒకటి వస్తేనే జబ్బు వస్తది. ఇద్దరి దగ్గరా ఉంటే, కాన్పు కాన్పుకు నాలుగిట్ల ఒక వంతు అవకాశం. మా అల్లుడు నా సొంత అక్క కొడుకు. మేనరికం అని నేనే ముందుపడి చేసిన. బయటి సంబంధాలల్ల కూడా ఈ జబ్బు వస్తది, కానీ దగ్గరి రక్తంల ఒకే తాతల నాటి జన్యువు రెండు దిక్కులా దొరికే అవకాశం ఎక్కువ. మా అక్క నన్ను ఇప్పటిదాకా ఒక్క మాట అనలే.

ఇగ అసలు ముచ్చట, ముక్కు కడగుడు. చిన్నికి ముక్కు ఎప్పుడూ బిగుసుకొని ఉండేది. రాత్రి నోటితోనే ఊపిరి. తలనొప్పి. వాసన తెలియకపోయేది, అన్నం సయించకపోయేది. డాక్టరమ్మ రోజుకు రెండుసార్లు ఉప్పునీళ్లతోని ముక్కు కడగమన్నది. ఎట్ల కడగాల్నో దగ్గర కూసుండి చూపించింది.

లీటరు నీళ్లకు 9 గ్రాముల ఉప్పు. అయోడిన్ కలపని శుభ్రమైన ఉప్పు కావాలె. లేకుంటే మందుల షాపుల కొలిచి కట్టిన పొట్లాలు దొరుకుతయి. ఆ కొలత మన రక్తంల ఉప్పదనానికి సరిపోతది, అందుకే మండది. వట్టి నీళ్లు పోస్తే ముక్కు భగ్గుమంటది. విత్తనం వడ్లు తేల్చనీకే ఉప్పునీళ్లు కలుపుతం కదా, గుడ్డు తేలిందంటే సరిపోయిందని. ఇక్కడ ఆ అందాజ నడవది. నేను చిన్న డిజిటల్ కాంటా కొన్న, మందుల పొడి తూచే కాంటా కాదు, ఇది వేరే.

సింకు మీదికి వంగాలె. తల కొంచెం పక్కకు తిప్పి, నోరు తెరిచి నోటితోనే ఊపిరి తీయాలె. పై ముక్కుల సీసా మూతి పెట్టి మెల్లగ నొక్కితే కింది ముక్కుల నుంచి నీళ్లు వస్తయి. జోరుగ నొక్కొద్దు, చెవులు నొస్తయి. తర్వాత మెల్లగ చీదాలె. ముక్కుల కొట్టే మందు ఉంటే కడిగినంకనే కొట్టాలె. సీసాను రోజూ కడిగి ఆరబెట్టాలె, కొన్ని నెలలకు మార్చాలె.

పదిహేను రోజులైనంక ఒకనాడు లోపలి అర్రల చదువుకుంటున్న పిల్ల "అమ్మమ్మా, రొట్టె మాడుతున్నది" అని అరిచింది. నిజంగనే పెంక మీద జొన్నరొట్టె మాడుతున్నది. మా ఇంటామె పొయ్యి ఆర్పకుంటనే వచ్చి పిల్లను పట్టుకొని ఏడ్చింది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలె.

రెండేండ్ల కింద సోయా కోతల టైం. మబ్బులు కమ్ముకున్నయి, కోత మిషన్ కోసం పొద్దుమాపు తిరుగుడు. బిడ్డ, మా ఇంటామె పెండ్లికి పోయిన్రు. కాగబెట్టిన నీళ్లు అయిపోయినయి. గ్యాస్ కూడా ఒడిసింది. మన బోరు నీళ్లు అద్దం లెక్క ఉన్నయి కదా, మేం పుట్టినప్పటి నుంచి తాగుతలేమా అని వాటిల్నే ఉప్పు కలిపి కడిగిపిచ్చిన. మూడు రోజులు అట్లనే చేసిన. ఇంట్ల ఎవరికీ చెప్పలే.

తర్వాతి నెల చెకప్‌ల కఫం పరీక్ష చేస్తే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా వచ్చింది. ఈ జబ్బున్న పిల్లలకు అది పెద్ద శత్రువు, ఒక్కసారి పాతుకుంటే వదలది. నేను అప్పుడు బోరు నీళ్ల సంగతి చెప్పేసిన. డాక్టరమ్మ తిట్టలే. "అది నీళ్లల్ల, మట్టిల, అన్నిచోట్ల ఉంటది. దేనివల్ల వచ్చిందో చెప్పలేం. కానీ ఇంకెప్పుడూ అట్ల చేయకున్రి" అన్నది. ఇరవై ఎనిమిది రోజులు రోజుకు రెండుసార్లు మిషన్‌తోని మందు పొగ పీల్చింది పిల్ల. తర్వాతి పరీక్షల పోయిందని వచ్చింది. చెప్పలేం అన్న మాట మాత్రం నన్ను ఇడువలే.

తాగే నీళ్లు వేరు, ముక్కుల పోసే నీళ్లు వేరు. తాగితే కడుపుల ఆమ్లం చాలా వాటిని చంపుతది. ముక్కుల ఆ కాపలా లేదు. 2011ల అమెరికాల లూసియానా రాష్ట్రంల ఇద్దరు నల్లా నీళ్లతోని ముక్కు కడుక్కొని, అందుల ఉన్న అమీబా మెదడుకు ఎక్కి చచ్చిపోయిన్రు. అట్లయ్యేది చాలా అరుదు, కానీ వస్తే బతికేది కష్టం. అందుకే నీళ్లు బాగ తెర్లినంక ఇంకో నిమిషం తెర్లనిచ్చి, మూత పెట్టి చల్లార్చాలె. ఫిల్టర్ నీళ్లైనా సరే.

ముక్కు కడుగుడు మనకు కొత్తది కాదు, యోగాల జలనేతి ఉన్నది. ఒకాయన "గోదారమ్మ నీళ్లకు మించింది లేదు, వాటితోనే చేపియ్" అన్నడు. చిన్నికి అక్షరాభ్యాసం బాసర అమ్మవారి దగ్గరనే చేపిచ్చినం. గోదారికి నేను రోజూ దండం పెడత. కానీ పిల్ల ముక్కుల పోయ.

రైతు ఇల్లు ఈ పిల్లకు అంత మంచిది కాదని కూడా తెలిసింది. పాత గడ్డివాముల, పెంటగుంటల ఆస్పర్జిల్లస్ అనే బూజు ఉంటది, అది వీళ్ల ఊపిరితిత్తులకు చేటు. పెంటగుంట చేను అవతలికి మార్చిన. గడ్డి దులిపిననాడు తానం చేసి బట్టలు మార్చినంకనే పిల్ల దగ్గరికి పోత.

ముక్కు కడిగితే జబ్బు పోదు. ఆ తూమునే కొంత సరిచేసే మూడు మందుల గోళి 2019ల అమెరికాల వచ్చింది. ఏడాదికి మూడు లక్షల డాలర్ల పైన ధర పెట్టిన్రు. పొలం మొత్తం అమ్మినా నెలలకు కూడా రాదు. అన్నం అరగనీకే గోళీలు, కఫం తీయనీకే వీపు తట్టుడు, ఎండాకాలం అన్నంల ఉప్పు ఎక్కువేసుడు, ముక్కు కడుగుడు, ఇవే మా చేతిల ఉన్నయి.

పిల్లల్ల ఎవరికన్నా దగ్గు తగ్గకుంట, బరువు పెరగకుంట ఉండి, ముద్దు పెడితే ఉప్పగ తగిలితే, చెమట పరీక్ష గురించి డాక్టర్‌ను అడగున్రి. ముక్కు ఎట్ల కడగాల్నో కూడా ఒకసారి డాక్టర్ దగ్గరనే నేర్చుకొని మొదలుపెట్టున్రి, నా పోస్టు చూసి కాదు. ఇంట్ల ఆడోళ్లు ఏదన్నా చెప్తే నా లెక్క నవ్వి ఊకోకున్రి.

పొద్దున ఐదింటికి సర్వల నీళ్లు పెట్టుడు ఇప్పుడు నా పని. ఇయ్యాల కూడా పెట్టిన. చిన్ని లేచి వచ్చి "తాతా, ఇవి కాగబెట్టినవేనా?" అని అడిగింది. రోజూ అడుగుతది. నేను రోజూ చెప్త.