అవ్వలు అప్పగించిన మాట

సుమత్రాకు పడమట సిమెలూ అనే చిన్న దీవి ఉంది. దాని చెంత, కడలి అడుగున, హిందూ మహాసముద్రపు భూఫలకం ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున తూర్పు ఫలకం కిందికి చొచ్చుకొని పోతూ ఉంటుంది. ఒరసుకొనే అంచులు బిగుసుకొనిపోయినా వెనుకనుండి తోపిడి ఆగదు. పై ఫలకం వంగిన విల్లువలె తరాలకొద్దీ ఓర్చుకొని, ఒకనాడు ఒక్కపెట్టున విదిలించుకొంటుంది. దానితో సముద్రమే పైకి లేస్తుంది.

1907లో అట్టి కెరటం ఆ దీవిని ముంచివేసింది. బతికినవారు దానిని ‘స్మోంగ్’ అన్నారు. నేల గట్టిగా కంపించి కడలి వెనుకకు పోతే కొండకు పరుగెత్తవలెనని అవ్వలు మనుమలకు కథగా, జోలపాటగా అప్పగించారు.

2004 డిసెంబరు 26న ఫలకాల అంచు దాదాపు 1300 కిలోమీటర్ల పొడవున తెగింది. సిమెలూలో ‘స్మోంగ్’ అన్న కేక వినగానే పిల్లా పెద్దా కొండ ఎక్కారు. సుమారు 78 వేలమందిలో మరణించినవారు ఏడుగురే.

ఆ ఉదయమే కెరటం ఆంధ్ర తీరంలో నూరుమందికి పైగా బలిగొన్నది. గాలివానతో వచ్చే ఉప్పెనను తెలుగువారెరుగుదురు. 1977లో దివిసీమ చవిచూసింది. గాలి లేక, మబ్బు లేక వచ్చే కెరటానికి మాత్రం వారి నోట మాట లేకపోయింది.

2007 నుండి హైదరాబాదులోని హెచ్చరిక కేంద్రం సముద్రాన్ని కనిపెట్టి ఉంటున్నది. దూరతీరాలకు ఆ వార్త చేరే వ్యవధి ఉంటుంది. సిమెలూకు ఉన్నవి కొద్ది నిమిషాలే. అక్కడ నేటికీ అవ్వ పాటే తొలి హెచ్చరిక.