ఉద్దీలు వేసుకుందాం



నీ వాయిస్ మెసేజి బియ్యం ఏరుకుంటూ విన్నాను. మెల్‌బోర్న్‌లో మీ వాడి బడి, ఆ పచ్చిక మైదానం, ఈత నేర్పే గంట, అన్నీ చెప్పావు. చివర్లో, "ఏమే, మన బడుల్లో డ్రిల్లు పీరియడ్ ఇంకా ఉందా, లెక్కల మాస్టార్లు మింగేశారా?" అని నవ్వావు చూడు, దానికి ఫోన్లో ఒక ముక్కలో చెప్పబుద్ధి కాలేదు. అందుకే కాగితం తీశాను.

ఉందమ్మా. టైంటేబుల్లో ఉంది. ఆరు, ఏడు తరగతులకు బాగానే ఉంటుంది. ఎనిమిదికి వచ్చేసరికి చిక్కిపోతుంది. పదో తరగతికి దసరా దాకా ఏదో కుంటుతూ నడుస్తుంది, ఆ తర్వాత స్లిప్ టెస్టులు, స్టడీ అవర్లు. మా లెక్కల మాస్టారు చెడ్డవాడేం కాదు. "మేడమ్, ఈ ఒక్కరోజుకి" అంటాడు. ఆ ఒక్కరోజు మార్చి దాకా సాగుతుంది. ఆయన్ని మాత్రం ఏమంటాం? పదో తరగతిలో ఒక పిల్ల తప్పితే ఆయన్ని నిలబెట్టి అడుగుతారు. ఏడాది పొడుగునా ఒక పిల్ల ఒక్క పరుగూ తీయకపోతే నన్ను అడిగే నాథుడు లేడు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు తీసి చూడు. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలన్నారు, ఆట సామాను ఉండాలన్నారు, బాగుంది. ఆరు నుంచి ఎనిమిది దాకా వందమందికి పైగా పిల్లలున్న చోట వ్యాయామానికి ఒక మనిషిని పెట్టమన్నారు, అదీ పార్ట్ టైం మనిషిని. ప్రపంచ ఆరోగ్య సంస్థేమో 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు అలిసేలా ఆడాలంటుంది. ఆ గంట ఎక్కడిదో వాళ్లూ చెప్పలేదు, వీళ్లూ చెప్పలేదు.

ఇక నా విజిల్ సంగతి. ప్రార్థనకు వరుస కట్టించడానికి విజిల్, మధ్యాహ్న భోజనం దగ్గర తోపులాట ఆపడానికి విజిల్, పెద్దలెవరైనా వస్తే దారి చేయడానికి విజిల్. ఆటకోసం ఊదే సమయానికి దానికీ నాకూ ఊపిరి ఉండదు. ఆగస్టు 29న అయితే చూడాలి తమాషా. అది గిడుగు వారి పుట్టినరోజూ, ధ్యాన్‌చంద్ పుట్టినరోజూ. తెలుగు మాస్టారికీ నాకూ మైకు దగ్గర పోటీ. ఆయన గ్రాంథికంలో వ్యావహారికాన్ని పొగిడి ముగించేసరికి ఎండ నెత్తికెక్కుతుంది, పిల్లలు కూలబడతారు. క్రీడాదినోత్సవం నాడు మా బడిలో ఎవరూ ఆడరు.

అసలు నీకు రాయాలనుకున్నది వేరే.

మనం ఖోఖో కోర్టు ఎలా గీసేవాళ్లమో నీకు గుర్తుందిగా. 27 మీటర్లు పొడుగు, 16 మీటర్లు వెడల్పు, నులక తాడు, మేకులు, సున్నం పొడి. ఇప్పుడూ అంతే. మైదానంలో ఒక మూల కొత్త గదులు లేచాయి, ఇంకో మూల వాటి తాలూకు కంకర మిగిలింది. మధ్యలో మిగిలిన దాంట్లో నేను గీస్తాను. ఆడపిల్లలు బడి కిట్టులో వచ్చిన నల్ల బూట్లు గట్టు మీద వరుసగా విప్పిపెట్టి, చున్నీ భుజం మీంచి తెచ్చి నడుముకు ముడేసుకుని దిగుతారు. 2025 జనవరిలో ఢిల్లీలో ఖోఖో మొదటి ప్రపంచకప్పు పెట్టారు తెలుసా? మన ఆడజట్టూ మగజట్టూ రెండూ ఫైనల్లో నేపాల్‌ని ఓడించాయి. ఆ మ్యాచ్ ఫోన్లో చూపిస్తే మా పిల్లలు మొదట గమనించింది గెలుపు కాదు, మ్యాట్. "టీచర్, ఆళ్లకి మోకాళ్లు గీసుకోవేటి?" అన్నారు.

జట్లు పంచడం దగ్గర వస్తుంది గొడవ. ఎనిమిదో తరగతిలో చురుకైన వాళ్లిద్దరిని నాయకులుగా పెట్టి, ఒక్కొక్కరినీ పిలుచుకోమంటే ఏమవుతుందో నీకు చెప్పాలా? చాలా బడుల్లో అలాగే పంచుతారు. మొదట లేడి లాంటివాళ్లు వెళతారు, తర్వాత నాయకురాలి స్నేహితురాళ్లు, తర్వాత పొడుగ్గా ఉన్నవాళ్లు. చివరికి ఇద్దరో ముగ్గురో మిగులుతారు. ఎప్పుడూ వాళ్లే. అందులో ఒక పిల్లను చూస్తుంటాను. తన పేరు పిలవరని ముందే తెలుసు గనక, పిలుపు మొదలవగానే చున్నీ ముడి విప్పి మళ్లీ కడుతుంది. మళ్లీ విప్పుతుంది. తలెత్తదు. ఆఖరున "సరే, దాన్ని మీరే తీసుకోండి" అని ఒక నాయకురాలు రెండోదానికి ఇచ్చేస్తుంది. మరుసటి వారం ఆ పిల్ల కడుపునొప్పి అంటుంది. అందులో కొంత నెలసరి, కొంత నిజం నొప్పి, మిగతాది ఈ పిలుపు. మూడూ విడదీయడానికి నా దగ్గర స్కానింగ్ మిషనేం లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, మన వీధిలో ఇలా ఎవరు పంచుకున్నారే? మనం ఉద్దీలు వేసుకునేవాళ్లం కదా! నాయకులిద్దరూ అరుగు మీద కూర్చునేవాళ్లు. మిగతావాళ్లం సరిజోడు చూసుకుని, ఇద్దరిద్దరం మెడల మీద చేతులేసుకుని వేపచెట్టు చాటుకి పోయేవాళ్లం. అక్కడ గుసగుసలాడి ఒకరు మల్లె, ఒకరు బంతి అనుకుని వచ్చేవాళ్లం. "మల్లెపువ్వు కావాలా, బంతిపువ్వు కావాలా?" నాయకుడు కోరుకున్నది వాడికి, రెండోది ఎదుటివాడికి. వాడు కోరింది పువ్వును, మనిషిని కాదు. ఎవరూ ఆఖరున మిగలరు. జట్లు దాదాపు సమానంగా పడతాయి. ఏ బీపీఎడ్ పుస్తకంలోనూ లేదు గానీ, చీమిడి ముక్కు పిల్లలు కనిపెట్టిన ఏర్పాటు అది.

మా ఎనిమిదో తరగతికి అదే పెట్టాను. మొదటి రోజు నవ్వులే నవ్వులు. మల్లె, బంతి పాతవైపోయాయి, "ప్రభాస్ కావాలా, మహేశ్ కావాలా" అని వచ్చారు. అసలు పని మాత్రం చెట్టు చాటున జరుగుతుంది, నాయకుల దగ్గర కాదు. జోడు కుదరాలంటే "నువ్వూ నేనూ సమానమే" అని ఒకరు పైకి అనాలి, రెండోవాళ్లు ఒప్పుకోవాలి. పరుగులో మొదటొచ్చే పిల్ల తన పక్కన మెత్తని దాన్ని పెట్టుకుని మోసం చేయబోతే మిగతావాళ్లు ఊరుకోరు, "ఇది ఉద్దీ కాదు టీచర్" అని కేకలేస్తారు. తరగతి లోపల ఎవరి బలం ఎంతో అంత నిక్కచ్చిగా తేల్చే పరీక్ష నేనైతే పెట్టలేను.

చున్నీ పిల్లకూ జోడు దొరికింది. దానిలాంటిదే ఇంకొకతె. అంతకుముందు దాన్ని ఆడించినా ఆటలో అరటిపండుగానే ఆడించేవారు, అవుటైనా లెక్క లేదు, అవుట్ చేసినా లెక్క లేదు. ఐదేళ్ల పిల్లకైతే అరటిపండు కావడం ముద్దు. పదమూడేళ్ల పిల్లకు చావు. ఇప్పుడు జట్టులో లెక్కకు వచ్చింది గనక గడిలో కూర్చోక తప్పలేదు. దానికి పరుగు రాదు, నిజమే. కానీ ఖోఖో పరుగొక్కటే కాదని మన కోచ్ గారు ఎన్నిసార్లు తిట్టారు మనల్ని! లేచినవాళ్లు వెనక్కి తిరగకూడదు, మధ్య గీత దాటకూడదు. అందుకే ఒంటరిగా వెంటబడే కంటే రెండడుగులు వేసి వెంటనే ఖో ఇస్తేనే ఎదుటి పిల్ల ఇరుక్కుంటుంది. ఇది పరుగు రానిదాని తెలివి. ఆ పిల్ల లేవడం, రెండే అడుగులు, ముందు కూర్చున్నదాని వీపు మీద అరచేత్తో ఫట్‌మని చరిచి "ఖో!" మైదానం అవతల లెక్కల మాస్టారికి వినపడేంత గొంతు. ఏడాదిన్నర నుంచి దాని గొంతే నేను విననట్టుంది.

నువ్వు అడగబోయేది తెలుసు. స్కూల్ గేమ్స్ సెలెక్షన్లకు ఈ ఉద్దీలు పనికొస్తాయా? రావు. అండర్-14కు పన్నెండు మంది, అండర్-17కు పన్నెండు మంది కావాలి, వాళ్లు గట్టివాళ్లే కావాలి. హెచ్.ఎం. గారి గదిలో షీల్డు పెట్టడానికి బీరువా మీద చోటు ఖాళీ చేసి ఉంచారు కూడా. నేను షీల్డుకు వ్యతిరేకిని కాదే. కర్ణం మల్లీశ్వరి ఊసవానిపేట మనకెంత దూరం? 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయినప్పుడు మనం ఇంటింటికీ తిరిగి చెప్పలేదూ? విశాఖ పోర్టు హైస్కూల్లో జ్యోతి యర్రాజి ఎత్తు చూసి హర్డిల్స్ వైపు మళ్లించింది బడి వ్యాయామ మాస్టారే. ఆ పిల్ల 100 మీటర్ల హర్డిల్స్‌ని 13 సెకన్లలోపు దాటిన తొలి భారతీయురాలైంది, 2023లోనూ 2025లోనూ ఆసియా ఛాంపియన్ అయింది. ఇలాంటివి వింటే నాకూ ఒళ్లు పులకరిస్తుంది.

కానీ దీప్తి జీవాంజి సంగతి చూడు. వరంగల్ జిల్లా కల్లెడ పిల్ల. ఊళ్లో వెక్కిరింపులు పడింది. జట్లు పంచుకునే చోట అలాంటి పిల్లను ఎవరు పిలుస్తారు? బడిలో పరుగెత్తనిచ్చారు గనక వ్యాయామ మాస్టారి కంట పడింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. గట్టు మీద కూర్చోబెట్టి ఉంటే ఏ మాస్టారి కన్నూ ఆమెను చూసేది కాదు.

మీ ఊరి ముచ్చట ఒకటి చెప్తాను, మీవాడికి చెప్పు. 1956 ఒలింపిక్స్‌లో మెల్‌బోర్న్‌లోనే మన ఫుట్‌బాల్ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది, నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. చివరికి నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ మనకు అంతకు మించింది లేదు. ఆ జట్టు కోచ్ ఎవరనుకున్నావ్? సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్‌లో బడి పంతులు. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో పిల్లలకు పాఠాలు చెప్పి, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసినవాడు. ఆయన కుర్రాళ్లకు చేతకాని కాలితోనే తన్నాలని నియమం పెట్టి పోటీలు నడిపేవాడట. అంటే కుడికాలి మొనగాడు కూడా ఆ రోజు కొత్తగా నేర్చుకునేవాడే. బడి పంతులుకు తప్ప ఇంకెవరికి తడుతుంది ఆ ఆలోచన?

నాకు మిగిలిన దిగులు తొమ్మిదో తరగతి. అక్కడ ఉద్దీలూ పనిచేయవు. పెద్దమనిషైన పిల్లను ఎండలో గెంతనివ్వరు. "మాయమ్మ ఒద్దంది టీచర్" అంటారు, అంతే. ఇళ్లకు వెళ్లి మాట్లాడుతున్నాను. ఒక తల్లి కాఫీ ఇచ్చి, అంతా విని, "మీ అమ్మాయి ఆడుతుందాండి?" అంది. ఆడుతుందన్నాను. "మరి మీ అమ్మాయికి ఉజ్జోగం ఉన్న అమ్మ ఉందండి" అంది. దానికి జవాబు ఇంకా దొరకలేదు. నీకేమైనా తోస్తే రాయి.

ఇంకోటి. మీవాడి బడిలో జట్లు ఎలా పంచుతారో వాణ్ణి అడిగి చెప్పు. ఆఖరున మిగిలేది వాడే అయితే ఉద్దీలు నేర్పించు, వాడి టీచరు కాదనదులే. సంక్రాంతికి వచ్చేటప్పుడు చాక్లెట్లు మోసుకు రాకు, ఒక మంచి స్టాప్‌వాచ్ పట్రా. నా దగ్గరున్న దాని మీట ఇరుక్కుపోయి ఎవరు పరుగెత్తినా ఒకే టైం చూపిస్తోంది. పిల్లలకు అదీ బాగానే ఉంది గానీ, జిల్లా సెలెక్షన్లలో ఒప్పుకోరు.

నీ
డ్రిల్లు టీచరు