సమందర్‌లో ఖబర్లుండవు

మా బోధన్‌లో ఎవరన్నా చాలా రోజులు పత్తా లేకపోతే మా నానీ "కాలాపానీ పోయిండా ఏంది?" అనేది. ఆ కాలాపానీకే మొన్న డిసెంబర్‌లో మేమిద్దరం షౌక్‌గా పోయినం. దుబాయ్‌లో ఉన్న కొడుకు ఇచ్చిన తోఫా. టికెట్లు, రిసార్ట్ అన్నీ వాడే చేసిండు.

పోర్ట్‌బ్లేర్‌లో సెల్యులార్ జైలు చూస్తున్నా నా ధ్యాసంతా మౌల్వీ అలావుద్దీన్ సాబ్ మీదే. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి హైదరాబాద్ రెసిడెన్సీ మీదికి పోయిన మనిషి. జీవితఖైదు పడి ఇక్కడికొచ్చి, ఇక్కడే ఇంతెకాల్ అయిండు. ఈ జైలు ఆయన తర్వాత కట్టింది. అయినా గైడును అడిగిన. ఆ పేరే వినలేదన్నడు.

అబెర్డీన్ బజార్‌లో చాయ్ పోసినాయన శ్రీకాకుళం మనిషి. మా తెలుగు విని కుర్సీ జరిపి కూచోబెట్టిండు. 1942 మార్చిలో జపాన్ ఫౌజ్ దిగిన కథ ఆయనే చెప్పిండు. సిపాయిలు ఇండ్లల్ల జొరబడుతుంటే జుల్ఫికర్ అలీ అనే నౌజవాన్ తుపాకీ పేల్చిండట. ఎవరికీ తగల్లేదు. అయినా జనం ముందర నిలబెట్టి కాల్చి చంపిండ్రు.

"రేపు హావ్‌లాక్ పోతున్నం" అన్న. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పిన ముచ్చట నన్ను ఇంకా వదల్లేదు.

1945 ఆగస్టు. దీవుల్లో తిండి ఖతమైంది. పనికిరాని నోర్లనుకున్న వందల మందిని, సాగు చేసుకునేందుకు భూమి ఇస్తమని ఓడలెక్కించిండ్రు. హావ్‌లాక్ దగ్గర రాత్రిపూట సమందర్‌లోకి తోసేసిండ్రు. ఈదుకుంటూ ఒడ్డెక్కినోళ్ళకు అక్కడ ఊరు లేదు, తిండి లేదు. ఎక్కువ మంది భూక్‌తోనే పోయిండ్రు. ఇంకో రెండు వారాల్లోపే జపాన్ లొంగిపోయింది.

ఆ దీవిలో మా రిసార్ట్! ఒక్క రాత్రి కిరాయి, మా అబ్బా నిజాం షుగర్ ఫ్యాక్టరీలో సంపాదించిన ఏడాది తన్‌ఖా కన్నా ఎక్కువ. పొద్దున నాష్తాకు పది రకాలు. పక్క టేబుల్ మీద సగం తిన్న ప్లేట్లు ఎత్తుకపోతుంటే నాకు ముద్ద దిగలేదు. అబ్బా దస్తర్‌ఖాన్ మీద ఒక్క మెతుకు పడనిచ్చేటోడు కాదు.

సాయంత్రం రాధానగర్ బీచ్. తెల్లటి ఇసుక, మగ్రిబ్ ముందటి ఎర్రటి ఆస్మాన్. కొత్త జంటలు ఫొటోలు దిగుతున్నరు. అబద్ధమెందుకు, నిజంగనే జన్నత్ లెక్క ఉన్నది.

బేగం నా పక్కన నీళ్ళల్ల నిలబడి, "వాళ్ళకు జనాజా లేదు, ఖబర్ లేదు. మనమన్నా ఫాతిహా చదువుదాం జీ" అన్నది. అలలు కాళ్ళ కింది ఇసుక లాగేస్తుంటే ఇద్దరం చేతులెత్తినం.

అప్పుడే కొడుకు వీడియో కాల్. "అబ్బా, సమందర్ చూపించండి!"

ఫోన్ నీళ్ళ దిక్కు తిప్పిన.

"కిత్తా ఖూబ్‌సూరత్ హై అబ్బా!"

"హౌ బేటా" అన్న.