బాలింత పరుగు

నేనుండే ఇంగ్లండ్‌లో ఒక మంచి పనికి చందాలు పోగుచేస్తూ పరుగెత్తడం మామూలు. 1981లో మొదలైన లండన్ మారథాన్‌లో వేలమంది ఏదో ఒక సేవాసంస్థ పేరున్న బనియన్ తొడుక్కుని 42 కిలోమీటర్లు పూర్తిచేస్తారు. సంస్థ మనకు చోటిస్తుంది, ఇంత సొమ్ము తెస్తామని మనం మాటిస్తాం. నేను పరుగెత్తేది కిడ్నీ పరిశోధన కోసం. ఎందుకంటే మాది ఉద్దానంలోని వజ్రపుకొత్తూరు మండలం.

కొబ్బరి, పనస, జీడితోటలతో పచ్చగా ఉండే ఉద్దానంలో సుగరూ బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా చేసే పనన్నారు, వంశపారంపర్యమన్నారు. ఇదీ కారణమని ఇంకా తేలలేదు. డయాలసిస్ అంటే వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. కూలికి పోయే మనిషికి వారంలో సగం రోజులు అక్కడే అయిపోతాయి. ఒకప్పుడు పెద్దవైద్యం కావాలంటే విశాఖపట్నం పోవాల్సిందే. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైంది 2023 డిసెంబరులో.

పాప పుట్టాక మళ్లీ బూట్లు కట్టుకుంటానంటే, పురుడు పోయడానికి వచ్చిన అమ్మ ఊరుకోలేదు. "పచ్చి ఒళ్లు. ఇప్పుడు పరుగులేటే?" అంది. ఆ మాట నేను విన్నాను. 2019లో బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు కాన్పు తర్వాతి పరుగు మీద రాసిన మార్గదర్శకాలు కూడా మొదటి మూడు నెలలు పరుగు వద్దనే చెప్పాయి. నడక, కటి కండరాల వ్యాయామం, ఆ తర్వాతే మెల్లగా పరుగు. ఆరు వారాలకు డాక్టరు చూసి అంతా బాగుందన్నంత మాత్రాన పరుగుకు సిద్ధమైనట్టు కాదు.

కానీ అమ్మ, బాలింత నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట జారుతుందంటూ గ్లాసు పక్కన పెట్టబోతే మాత్రం ఒప్పుకోలేదు. మిగతావన్నీ పాటించాను: కాయం తిన్నాను, నడికట్టు కట్టించుకున్నాను, చెవుల్లో దూది పెట్టుకున్నాను. కానీ పాలిచ్చే తల్లికి నీళ్లు ఇంకా ఎక్కువ కావాలి. అందులోనూ మా ఊళ్లలో ఒంట్లో నీరు తగ్గడాన్ని ఎవరూ చిన్న విషయంగా చూడకూడదు. ఆ మాట చెప్పాక అమ్మే చెంబు నింపి మంచం పక్కన పెట్టింది.

ఇంకొకటి ఉంది. మన ఆడవాళ్లు దాన్ని పెదవి దాటనివ్వరు. దగ్గినా, తుమ్మినా, రెండడుగులు గెంతినా మూత్రం చుక్కలు పడటం. పిల్లల్ని కన్నాక ఇది మామూలేనని సర్దుకుపోయి, గుడికీ పెళ్లిళ్లకూ వెళ్లడం మానేసినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. ఇది చాలామందికి వస్తుందన్నది నిజం, భరించాల్సిందేనన్నది అబద్ధం. కటి కండరాలకు సరైన వ్యాయామం నేర్పితే ఎక్కువమందికి తగ్గుతుంది. నాకు ఫిజియో నేర్పింది. తగ్గాకే పరుగు మొదలెట్టాను.

పౌలా ర్యాడ్‌క్లిఫ్ 2007 జనవరిలో కూతుర్ని కని, అదే ఏడాది నవంబరులో న్యూయార్క్ మారథాన్ గెలిచింది. గొప్ప సంగతే. అయితే ఆమె వెనక కోచ్‌లు, వైద్యులు ఉన్నారు. రాత్రంతా పాలిచ్చి పొద్దున్నే ఆఫీసుకు పోయే తల్లికి ఆ కొలత పెట్టకూడదు. 2018లో ఆల్ప్స్ కొండల పరుగు మధ్యలో ఆగి మూడు నెలల బిడ్డకు పాలిచ్చిన సోఫీ పవర్ ఫొటో నాకు ఇంకా ఎక్కువ నచ్చుతుంది. ఆ పోటీలో చోటును గర్భిణులు వాయిదా వేసుకునే వీలు అప్పట్లో లేదు. ఇప్పుడు లండన్ మారథాన్ గర్భిణులకూ బాలింతలకూ ఆ వీలు కల్పిస్తోంది. నేనూ దాన్నే వాడుకున్నాను. ఈలోగా శనివారం పొద్దున పార్క్‌రన్‌కి వెళ్తున్నాను. 2004లో లండన్ బుషీ పార్కులో 13 మందితో మొదలైన ఉచిత పరుగు అది. 5 కిలోమీటర్లు నడిచినా ఎవరూ ఏమీ అనరు.

పరుగుతో పోగైన సొమ్మంతా మన ఊరికే పంపొచ్చు కదా అని తెలుగు మిత్రులు అడుగుతుంటారు. నా జీతంలోంచి కొంత పంపుతూనే ఉన్నాను. తోటి ఇంగ్లిషువాళ్ల దగ్గర పోగుచేసింది మాత్రం విదేశీ విరాళం. దాన్ని తీసుకోవాలంటే ఇండియాలోని సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. ఊళ్లో యువజన సంఘానికి పంపేస్తే చట్టం ఒప్పుకోదు. పైగా కారణమే తెలియని జబ్బుకు పరిశోధన కావాలి, అది ఏ దేశంలో జరిగినా మా ఊరికి పనికొస్తుంది.

చందా ఇచ్చేవాళ్లకు ఒక్క మనవి. మీరు డబ్బు కట్టిన తల్లి పోటీని వచ్చే ఏటికి మార్చుకుందని తెలిస్తే ఆమెను తొందరపెట్టకండి, ఇచ్చింది వెనక్కి అడగకండి. పరుగు వచ్చే ఏడైనా తీయొచ్చు. డయాలసిస్‌కి వాయిదా లేదు.